నోట్లో పుండు, ఛాతీలో ముడి

1990 డిసెంబరు 20 నాటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 1729వ పేజీ దగ్గర ఒక వ్యాసం మొదలై 1735తో ముగుస్తుంది. ఉన్నవి ఏడు పేజీలు, రోగులు ఐదుగురు, రాసినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో మొదటి పేరు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ చర్మవైద్యుడు గ్రాంట్ ఆన్‌హాల్ట్‌ది. ఆ రోగులందరికీ నోరంతా మానని పుండ్లు, ఒంటిమీద ఒకదాని పోలిక ఒకదానికి లేని మచ్చలు, బొబ్బలు. ఒంట్లో ఇంకెక్కడో ఒక కణితి. ఈ రెండింటికీ సంబంధం ఉందని చూపించి, ఆ జబ్బుకు పారానియోప్లాస్టిక్ పెంఫిగస్ అని పేరుపెట్టిన వ్యాసమది.

చీర కొనేటప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంచు తిరగేసి చూస్తారు. పైన కనిపించే పువ్వు ఎవరికైనా నచ్చుతుంది. వెనకవైపు దారాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో, ఎక్కడైనా వదులుగా వేలాడుతున్నాయో చూస్తే నేసిన చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది. ఆ ఏడు పేజీలను నేను అలా తిరగేసి చదివాను. దానికి ముప్పై అయిదేళ్ళ ముందు బోస్టన్‌లో జరిగిన పనినీ, ఆ తర్వాత టోక్యోలో, బీజింగ్‌లో జరిగిన పనినీ పక్కన పెట్టుకుని చదివాను. ఒక పుండు దగ్గర మొదలై ఒక గడ్డ దగ్గర తేలిన ఈ దారంలో ఎక్కడా తొందరపాటు ముడి లేదు. ఆ పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

ముందు గడ్డ సంగతి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళలు చేతికి తగులుతాయి. అవే లింఫ్ గ్రంథులు. ఒంట్లో ఇవి కొన్ని వందలుంటాయి. సూక్ష్మజీవి వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టి, దానికి సరిపోయే యాంటీబాడీలను తయారుచేసే కణాలు శిక్షణ పొందేది ఇక్కడే. పని ఉన్నప్పుడు బిళ్ళ ఉబ్బుతుంది, పని అయిపోగానే తగ్గుతుంది. ఏ పనీ కనిపించకుండానే ఒక గ్రంథి పెరుగుతూ పోతే డాక్టర్లకు అనుమానం వస్తుంది. ఆ అనుమానాల జాబితాలో క్షయ ఉంటుంది, క్యాన్సర్ ఉంటుంది. చాలా అరుదుగా, రెండూ కానిది ఒకటి ఉంటుంది. దాని పేరు కాసిల్‌మన్ వ్యాధి.

బెంజమిన్ కాసిల్‌మన్ బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పాథాలజిస్టు. ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఒక రోగి వివరాలన్నీ ఒక పెద్ద డాక్టరు చేతికిస్తారు. అసలు జవాబు ఆయనకు చెప్పరు. ఆయన అందరి ముందూ తర్కించి, తన నిర్ణయం చెబుతాడు. చివర్లో పాథాలజిస్టు లేచి, కణజాలంలో కనిపించినదేమిటో చూపిస్తాడు. ఆ చర్చలు వారం వారం పత్రికలో అచ్చయ్యేవి. వాటికి కాసిల్‌మన్ రెండు దశాబ్దాలకు పైగా సంపాదకుడు. అందరికంటే చివర మాట్లాడే మనిషికి అందరికంటే ఎక్కువ ఓపిక ఉండాలి. అలాంటి చర్చల్లో ఒకదానిలోనే, 1954లో, ఛాతీ మధ్యలో పెరిగిన ఒక వింత గ్రంథి గురించి ఆయన మొదటిసారి రాశారు. 1956లో అలాంటివి పదమూడు పోగుచేసి, ఇద్దరు సహచరులతో కలిసి క్యాన్సర్ అనే పత్రికలో ప్రచురించారు.

ఆ స్లైడులో ఏముందో చూద్దాం. గ్రంథిని మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండువందల వంతు మందాన కోసి, గాజుపలక మీద పరిచి, రెండు రంగులు వేస్తారు. ఒకటి ఒక చెట్టు చేవ నుంచి తీసే హెమటాక్సిలిన్. కణాల కేంద్రకాలను అది ఊదా నీలంగా మారుస్తుంది. రెండోది ఇయోసిన్, మిగిలినదంతా గులాబీ రంగు చేస్తుంది. మామూలు గ్రంథిలో గుండ్రటి గూళ్ళు కనిపిస్తాయి. గూడు మధ్యభాగం లేతగా, వెలుగ్గా ఉంటుంది. దాని చుట్టూ చిన్న లింఫోసైట్లు ముదురు నీలంగా దట్టంగా ఉంటాయి. కాసిల్‌మన్ చూసిన స్లైడులో ఆ లేత మధ్యభాగం వాడి, కుంచించుకుపోయింది. చుట్టూ ఉన్న చిన్న కణాలు ఉల్లిపాయ పొరల్లా వలయం మీద వలయంగా వరస కట్టాయి. బయటినుంచి ఒక సన్నటి రక్తనాళం నిలువుగా ఆ గూడు మధ్యలోకి దిగింది. దాని గోడ గులాబీ రంగులో, గాజులా బిగుసుకుపోయి ఉంది. గూడూ నాళమూ కలిపి చూస్తే పుల్లకు గుచ్చిన లాలీపాప్‌లా ఉంటుంది. ఒక్కసారి చూసిన కన్ను మళ్ళీ మరిచిపోదు.

ఇక్కడే అసలు చిక్కు. ఛాతీ మధ్యలో థైమస్ అనే మరో గ్రంథి ఉంటుంది. అందులో హాసల్ కణికలని ఉల్లిపొరల్లాంటి గుండ్రటి ఆకారాలు సహజంగానే ఉంటాయి. చోటు ఒకటే, ఆకారం ఒకేలా ఉంది కాబట్టి ఇది థైమస్ కణితి అనుకోవడం తేలిక. ఆ పోలిక సంగతి కాసిల్‌మన్ తన వ్యాసం పేరులోనే పెట్టారు. పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా లోపల చూపించారు. థైమస్‌లో ఉండేవి ఒక రకం కణాలు తమ చుట్టూ తామే చుట్టుకున్నవి. ఇక్కడున్నవి వాడిపోయిన లింఫ్ గూళ్ళు, వాటి నడుమ ఒక నాళం. క్యాన్సరుకు ఉండే చొరబాటు ఎక్కడా లేదు. కాబట్టి ఇది కణితిలా కనిపించే గ్రంథి పెరుగుదల మాత్రమేనని తేల్చారు. భయపెట్టే పేరు పెట్టడానికి అన్ని అవకాశాలూ ఉన్నా, కంటికి కనిపించినంతే చెప్పడం నాకు ఆ వ్యాసంలో అన్నిటికంటే నచ్చిన గుణం. 1972లో కెల్లర్, హాక్‌హోల్జర్ అనే ఇద్దరితో కలిసి ఆయన 81 మంది కణజాలాన్ని తిరిగి చూశారు. రెండు రకాలున్నాయని తేలింది. ఇప్పటిదాకా చెప్పుకున్న, గాజులాంటి నాళాల రకం 74 మందిలో. యాంటీబాడీలు చేసే ప్లాస్మా కణాలు కిక్కిరిసిన రకం ఏడుగురిలో.

మన దేశంలో ఈ పని ఇంకొంచెం కష్టం. మెడలో బిళ్ళలు వరసగా కడితే పాతకాలంలో గండమాల అనేవారు. ఇప్పుడు కూడా డాక్టరుకు మొదట గుర్తొచ్చేది క్షయే, అలా గుర్తుకు రావడం న్యాయమే, మన దగ్గర అది అంత ఎక్కువ. సూది గుచ్చి నాలుగు కణాలు తీసి చూస్తే క్షయ చాలాసార్లు తెలిసిపోతుంది. కాసిల్‌మన్ మాత్రం సూదికి దొరకదు. సూదిలో వచ్చేవి విడి కణాలు, అవన్నీ మామూలు లింఫోసైట్లే. జబ్బు ఉన్నది కణాల్లో కాదు, అవి అమరిన తీరులో. ఇటుకలు ఏరి తెచ్చి చూపిస్తే ఇల్లు ఎన్ని గదులో ఎవరూ చెప్పలేరు. అందుకే సూది పరీక్షలో ఏమీ తేలని బిళ్ళ తగ్గకుండా ఉంటే, గ్రంథిని చెదరకుండా మొత్తంగా తీసి 'ముక్క పరీక్ష'కు పంపమని పాథాలజిస్టులు బతిమాలుతుంటారు. ఆ బతిమాలటం వెనక 1956 నాటి స్లైడు ఉంది.

ఇక ఆటో ఇమ్యూన్ చిక్కుల సంగతి. ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీలు ఒంటినే దెబ్బతీయడాన్ని కంచే చేను మేయడం అంటూ ఉంటాం. కాసిల్‌మన్ వ్యాధిలో ఇది చాలా రూపాల్లో కనిపిస్తుంది. కొందరిలో యాంటీబాడీలు ఎర్ర రక్తకణాలను పగలగొట్టి పాలిపోయేలా చేస్తాయి. కొందరిలో ప్లేట్‌లెట్లను తింటాయి. కొందరిలో నరానికీ కండరానికీ మధ్య సందేశాన్ని అడ్డుకుని, కనురెప్పలు వాలిపోయే మయస్తీనియా తెచ్చిపెడతాయి. ఒంట్లో చాలాచోట్ల గ్రంథులు పెరిగే రకంలో జ్వరం, రక్తహీనత, నీరసం ముందుంటాయి. ఆ లక్షణాలకు కారణం ఇంటర్‌ల్యూకిన్-6 అనే సందేశ రసాయనమని 1989లో ఒసాకాకు చెందిన యొషిజాకి బృందం చూపించింది. గ్రంథి తీసేశాక రక్తంలో ఆ రసాయనం తగ్గింది, దాంతోపాటే జ్వరమూ పోయింది. ఆ దారినే పట్టుకుని 2005లో జపాన్‌లో టోసిలిజుమాబ్, 2014లో అమెరికాలో సిల్టుక్సిమాబ్ అనే మందులకు ఈ వ్యాధికి అనుమతి వచ్చింది.

ఇందులో తిరకాసు కూడా ఉంది. లూపస్ లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో ఉబ్బిన గ్రంథులు స్లైడులో అచ్చం కాసిల్‌మన్‌లా కనిపించగలవు. ఏది మూలం, ఏది ఫలితం? కారణం తెలియని రకాన్ని గుర్తించడానికి 2017లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణాల మీద ఎనిమిది దేశాల నిపుణులు 34 మంది కూర్చున్నారు. 244 మంది రోగుల వివరాలు చూశారు. ఆ 34 మందిలో ఇద్దరు ఆ జబ్బుతో బతుకుతున్న డాక్టర్లే. వాళ్ళు తయారుచేసిన జాబితాలో, ఉండాల్సిన లక్షణాలతో పాటు, లేవని రుజువు చేసుకోవాల్సిన జబ్బులకూ అంతే చోటు ఇచ్చారు. లూపస్ కాదని, కీళ్ళవాతం కాదని, అంటువ్యాధి కాదని, లింఫోమా కాదని తేలాకే ఈ పేరు వాడాలి. కాసిల్‌మన్ 1956లో థైమస్ కణితి విషయంలో పాటించిన సంయమనమే ఇక్కడ నియమంగా మారింది.

ఇప్పుడు ఆ ఏడు పేజీలకు వద్దాం. 1990కి ముందు ఇలాంటి రోగి వస్తే ఏ డాక్టరు ఏ కోణంలో చూస్తే ఆ పేరు వచ్చేది. పెదవులు ఎండి రక్తం కట్టి, చర్మం ఊడుతుంటే మందు వికటించిందనేవారు. బొబ్బలు చూసినవారు పెంఫిగస్ అనేవారు. ఊదారంగు మచ్చలు చూసినవారు లైకెన్ ప్లానస్ అనేవారు. చర్మం ముక్క తీసి చూస్తే అక్కడా ఏకాభిప్రాయం లేదు. పెంఫిగస్‌లోలాగా పై కణాలు ఒకదాన్నొకటి వదిలేసి విడిపోయి ఉన్నాయి. మందు వికటించినప్పటిలాగా ఒక్కొక్క కణం చచ్చిపోయి కూడా ఉంది. మెరిసే రంగు కట్టిన పరీక్షలో యాంటీబాడీలు కణాల మధ్య చేపలవలలా ఆకుపచ్చగా వెలిగాయి, అది పెంఫిగస్ గుర్తు. చర్మం అడుగు పొర వెంబడి కూడా వెలిగాయి, అది పెంఫిగస్‌లో ఉండకూడని గుర్తు.

పొంతన కుదరని సాక్ష్యాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. 'అసాధారణ పెంఫిగస్' అని రాసి ముందుకు వెళ్ళడానికి అడ్డేమీ లేదు. ఆన్‌హాల్ట్ బృందం చేసిన మొదటి మంచిపని ఆ పొంతన లేనితనాన్నే లక్షణంగా తీసుకోవడం. అయిదుగురినీ ఒక వరసలో నిలబెట్టారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కరిదీ ఒక మినహాయింపు. వరసలో చూస్తే ఆ మినహాయింపులన్నీ ఒకేలా ఉన్నాయి.

రెండో పని ప్రయోగశాలలో జరిగింది. చర్మం పైపొర కణాలను పాత్రలో పెంచి, వాటి ప్రొటీన్లకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, కణాలను కరిగించి రసం తీస్తారు. అందులో రోగి రక్తం నుంచి తీసిన సీరం కలుపుతారు. సీరంలోని యాంటీబాడీ తనకు కావలసిన ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకుంటుంది. ఆ జంటలను బయటికి లాగి, జెల్‌లో పరుగెత్తిస్తే బరువు ప్రకారం విడిపోతాయి. తేలికవి దూరం వెళ్తాయి, బరువైనవి వెనకబడతాయి. ఫిల్ము కడిగితే ఒక్కో ప్రొటీన్ ఒక్కో నల్ల గీతగా కనిపిస్తుంది. మామూలు పెంఫిగస్ రోగి సీరంతో వచ్చే గీత 130 కిలోడాల్టన్ల దగ్గర ఉంటుంది. వీళ్ళ సీరాలతో నాలుగు గీతలు వచ్చాయి: 250, 230, 210, 190. అయిదుగురికీ అవే నాలుగు, అవే చోట్ల.

ఆ నాలుగు గీతలను చూస్తూ నేను చాలాసేపు ఆగిపోయాను. అయిదుగురు మనుషులు, రకరకాల పుండ్లు. వాళ్ళ రక్తం మాత్రం ఒకే సంతకం పెట్టింది. రచయితలు అక్కడా ఆగలేదు. యాంటీబాడీ రక్తంలో ఉన్నంత మాత్రాన నేరం చేసిందని కాదు. దొంగతనం జరిగిన చోట దొరికిన ప్రతివాడూ దొంగ కాదు గదా. అందుకని రోగుల యాంటీబాడీలను అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు ఎక్కించారు. వాటి చర్మంలోనూ కణాలు విడిపోయాయి. అప్పుడు గానీ ఇది కారణం అని అనలేదు. వ్యాసం చివర ఈ జబ్బును గుర్తించడానికి అయిదు గుర్తులు వరుసగా పెట్టారు: కణితితోపాటు నోటి పుండ్లూ ఒంటిమీద మచ్చలూ కలిసి ఉండడం, స్లైడులో కనిపించే జోడు మార్పులు, రెండుచోట్లా వెలిగే యాంటీబాడీలు, చర్మంలోనే కాక ఇతర పొరల మీద కూడా అంటుకునే సీరం, ఆ నాలుగు గీతలు. ఎవరైనా, ఎక్కడైనా మళ్ళీ చేసి చూసుకోగల పద్ధతి అది.

నాలుగో గుర్తులో నాకు మహా ఇష్టమైన ఒక పరీక్ష దాగి ఉంది. రోగి చర్మం ముట్టుకోనవసరం లేదు, ఎలుక మూత్రాశయం చాలు. దీన్ని అర్థం చేసుకోవాలంటే కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో చూడాలి. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్లు గుర్తుతెచ్చుకోండి. రెండు వైపులా రెండు సగాలు, నొక్కితే కరుచుకుంటాయి. ఒక్కో సగాన్నీ లోపలివైపు నుంచి దారంతో గుడ్డకు కుట్టి ఉంచుతాం. చర్మకణాల మధ్య బటన్ల పేరు డెస్మోగ్లీన్. వాటిని కణం లోపలి చట్రానికి కట్టి ఉంచే దారాలు ప్లాకిన్ కుటుంబం. 130 దగ్గర కనిపించే గీత బటనుది. ఆ నాలుగు గీతలూ దారాలవి. 250ది డెస్మోప్లాకిన్, 230ది అడుగు పొరను పట్టి ఉంచేది, 210ది ఎన్వోప్లాకిన్, 190ది పెరిప్లాకిన్. చివరి రెండింటి ముఖాలు బయటపడింది తర్వాతి ఏళ్ళలో.

చర్మంలో, నోటిలో బటన్లూ ఉంటాయి, దారాలూ ఉంటాయి. మూత్రాశయం లోపలి పొర వేరే రకం. అక్కడ దారాలున్నాయి గానీ పెంఫిగస్ యాంటీబాడీలు వెతికే ఆ బటన్లు లేవు. కాబట్టి మామూలు పెంఫిగస్ రోగి సీరాన్ని ఎలుక మూత్రాశయం మీద పోస్తే అది చీకటిగానే ఉంటుంది. కణితి వెనక ఉన్న పెంఫిగస్ రోగి సీరం పోస్తే వెలుగుతుంది. కంసాలి గీటురాయి మీద ఒక్క గీత గీసి బంగారమో కాదో చెబుతాడు. ఇది ఈ జబ్బుకు దొరికిన గీటురాయి. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ఏ కణజాలంలో ఏది ఉండదో తెలిసి ఉండడమే ఇందులోని తెలివి. ప్రతి గీటురాయిలాగే దీన్నీ నమ్మకంగా వాడాలంటే మిగతా సాక్ష్యాలు తోడుండాలి. కొన్నిసార్లు జబ్బు ఉన్నా అది వెలగదు.

ఇక్కడ శ్రద్ధగా చదివేవారికి ఒక సందేహం రావాలి. దారం కణం లోపల ఉంది. యాంటీబాడీ కణం బయట తిరుగుతుంది. తలుపు తీయకుండా లోపలి దారాన్ని ఎలా కోసింది? 1990 వ్యాసం ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఇవ్వలేదు. జవాబు 1998లో టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయం నుంచి మసయుకి అమగాయ్ బృందం ఇచ్చింది. అమగాయ్ అంతకుముందు అమెరికాలో జాన్ స్టాన్లీ దగ్గర పనిచేశారు. ఆ స్టాన్లీ 1990 వ్యాసం రచయితల్లో మూడోవాడు. అక్కడే 1991లో డెస్మోగ్లీన్ 3 జన్యువును పట్టుకున్నారు. ఇప్పుడు ఆ ప్రొటీన్‌ను శుద్ధంగా తయారుచేసి పరీక్షిస్తే, ఈ రోగుల సీరంలో బటను మీద యాంటీబాడీలు కూడా ఉన్నాయని తేలింది. ఆ యాంటీబాడీలను విడదీసి చిట్టెలుకలకు ఇస్తే చర్మం విడిపోయింది. బటను మీద దెబ్బ ముందు పడుతుంది, కణాలు విడిపోతాయి, పగిలిన కణాల లోపలి దారాలు ఒంటి కాపలాదళం కంటబడతాయి. మొదటి వ్యాసం అసంపూర్ణంగా వదిలిన దారాన్ని అదే గురుపరంపరలోని శిష్యుడు అందుకుని ముడివేశాడు. వ్యాసాన్ని తప్పుపట్టకుండానే సరిదిద్దాడు. విద్య సాగవలసిన తీరు ఇదే అనిపిస్తుంది నాకు.

దారాలు చర్మంలోనే కాక ఇతర పొరల్లో కూడా ఉండడం వల్ల ఈ జబ్బుకు ప్రాణాంతకమైన ముఖం ఒకటి వచ్చింది. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాల లోపలి పొర కూడా వీటిలో ఒకటి. 1999లో ఆన్‌హాల్ట్ సహచరులు నౌసరి మొదలైనవారు ఆ పొరమీద కూడా యాంటీబాడీలు పేరుకుని, కణాలు రాలిపోతున్నాయని చూపించారు. రాలిన చోట మచ్చ కడుతుంది, సన్నటి గాలి గొట్టాలు మూసుకుపోతాయి. దాన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అంటారు. పిల్లల్లో, యువతలో పారానియోప్లాస్టిక్ పెంఫిగస్ వస్తే దాని వెనక ఎక్కువగా ఉండేది కాసిల్‌మన్ గడ్డే. వాళ్ళలోనే ఈ ఊపిరి చిక్కు కూడా ఎక్కువ. నోటి పుండు మానవచ్చు. మూసుకుపోయిన ఆ గొట్టాలు మళ్ళీ తెరుచుకోవు.

ఇక చివరి ప్రశ్న. గడ్డ ఛాతీలోనో పొట్ట వెనకో ఒంటరిగా ఉంటుంది. చాలాసార్లు అది 1972లో 74 మందిలో కనిపించిన గాజు నాళాల రకమే. మామూలుగా అది ఏ అలజడీ లేకుండా ఉంటుంది, జ్వరం కూడా ఉండదు. అలాంటి నెమ్మదైన గడ్డకూ నోటి పుండుకూ ఏమిటి సంబంధం? బీజింగ్‌లోని పెకింగ్ విశ్వవిద్యాలయ మొదటి ఆసుపత్రిలో చర్మవైద్యుడు ఝు షుయెజున్ బృందం దీన్ని నేరుగా అడిగింది. శస్త్రచికిత్సలో తీసేసిన గడ్డలనుంచి కణాలను తీసుకుని, అవి ఏ యాంటీబాడీలు చేస్తున్నాయో చూశారు. అవి చర్మం పైపొర ప్రొటీన్ల మీద పనిచేసే యాంటీబాడీలే. 2004లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది. కంచే చేను మేసిందన్న మాట ఇక్కడ ఒక మెట్టు సవరించుకోవాలి. మేసిన చేను నోట్లో ఉంది, కంచె ఛాతీలో ఉంది.

ఆ సంగతి తెలియగానే కత్తి పట్టిన చేతి పద్ధతి మారింది. గడ్డను కదిలించి, పిండుతూ తీస్తే అందులో నిలవున్న యాంటీబాడీలు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. పైగా ఈ గడ్డకు రక్తనాళాలు దండిగా ఉంటాయి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. అందుకే గడ్డను పట్టుకోవడానికి ముందే దానికి వచ్చే, దాన్నుంచి పోయే నాళాలను వెతికి కట్టేయాలని, గడ్డను వీలైనంత తక్కువ తాకాలని ఆ బృందం సూచించింది. ఆపరేషనుకు అటూఇటూ ఆరోగ్యవంతుల రక్తం నుంచి సేకరించిన ఇమ్యూనోగ్లోబులిన్‌ను ఎక్కించి, తప్పించుకున్న యాంటీబాడీల బలాన్ని పలచబరిచారు. సర్జన్లకు నాళం కట్టడం రోజువారీ పనే. ఏది ముందు కట్టాలో ఇక్కడ పుండు నేర్పింది, జెల్ మీద గీతలు నేర్పాయి, పాత్రలో బతికిన కణాలు నేర్పాయి. ఒక్క ముడి వెనక ఇంత చదువుంది.

గడ్డ తీసేశాక రక్తంలో యాంటీబాడీల మోతాదు మెల్లగా తగ్గుతుంది. ముందు చర్మం తేరుకుంటుంది. నోరు నెలల తరబడి సమయం తీసుకుంటుంది. కొందరు మళ్ళీ కారం తగిలిన అన్నం తినగలుగుతారు. ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నవారికి మాత్రం ఈ పనితనం అంతా ఆలస్యంగా అందినట్టే. పుండు మొదలైన రోజుకీ గడ్డ దొరికిన రోజుకీ మధ్య గడిచిన ప్రతి వారానికీ ఇక్కడ వెల ఉంది.

అందుకే ఆ ఏడు పేజీల్లో నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివే చోటు నాలుగు గీతల బొమ్మ కాదు. అయిదు గుర్తుల్లో మొదటిదానిలో, కణితి గురించి చెప్పేచోట, బయటపడినదైనా, ఇంకా దాగి ఉన్నదైనా అనే అర్థంలో ఒక చిన్న మాట ఉంది. ఇంకా కంటికి కనిపించని దాన్ని కూడా లెక్కలో వేసుకోమని ఆ మాట చెబుతోంది. నోట్లో పుండు వారాలు గడిచినా మానని కుర్రాడు ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ మాట గుర్తున్న డాక్టరు నాలుక మీద మందు రాసి పంపించడు. ఎలుక మూత్రాశయం మీద సీరం పరీక్ష రాస్తాడు. ఛాతీకీ పొట్టకీ స్కాన్ రాస్తాడు. ఆ కుర్రాడికి ఇంకా ఆయాసం మొదలవకముందే రాస్తాడు.